దూడకూ ఓ చలవపందిరి!

ఎండలు ముదిరితే మనం నీడపట్టున చేరతాం. పాడిగేదె చెరువులో దిగి సేదతీరుతుంది. ఎటూ కదల్లేనిది గుంజకు కట్టేసిన దూడ ఒక్కటే! దానికింత నీడ, కాసిని నీళ్లు ఇచ్చామా... నాలుగేళ్లు తిరక్కుండానే ఆ రుణాన్ని పాలరూపంలో తీర్చేసుకుంటుంది.

రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాటేమోగానీ, ఆ ఎండకు మనుషుల ప్రాణాలు మాత్రం విలవిల్లాడిపోతాయి. అందుకే వేసవి వస్తోందంటే చాలు, ఇంటింటా ఏర్పాట్లు మొదలవుతాయి. అరుగుమీదకి కొత్తకుండ వస్తుంది. అటకమీది కూలరు కిందికి దిగుతుంది. కిటికీలకు వట్టివేళ్ల తడికలు వేలాడతాయి. పల్లెల్లో అయితే వాకిట్లో తాటాకులతో చలవపందిరి వేస్తారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక పిల్లల్ని గడప దాటనివ్వరు.

మరి దొడ్లో ఉన్న పిల్లల సంగతి?

గేదెలను పొద్దున్నే మేతకు తోలుతారు. అవి చెట్లకింద నిలబడో, చెరువులో మునిగో ఎండ కాచుకుంటాయి. దూడ మాత్రం ఇంటిదగ్గరే ఉంటుంది. ఉదయం నీడలో కట్టేసిన గుంజ దగ్గరికి పదకొండయ్యేసరికి ఎండ వచ్చేస్తుంది. మూరెడు పలుపు. పక్కకి జరుగుదామంటే కుదరదు. ఇంట్లోవాళ్లు పొలం నుంచి వచ్చేదాకా ఆ పసిప్రాణి అలా మాడిపోవాల్సిందే.

2015 వేసవిలో వడగాలులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. మనుషుల లెక్కలైతే పేపర్లకు ఎక్కుతాయి. పశువుల కొట్టంలో రాలిపోయిన దూడ లెక్క మాత్రం ఆ ఇంటి గడప దాటదు. 'ఎండకు పోయింది' అన్న ఒక్కమాటతో అది ముగిసిపోతుంది.

పోయింది దూడ ఒక్కటేనా!

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 62 లక్షలు, తెలంగాణలో 42 లక్షలకు పైగా గేదెలున్నాయి. పొద్దున్నే మన గుమ్మంలోకి వచ్చే పాలప్యాకెట్టు, కప్పులోని చిక్కని కాఫీ, పెరుగన్నం... అన్నీ వాటి చలవే. వాటిలో చాలామటుకు పెద్దపెద్ద డెయిరీల్లో లేవు. ఒకటీ రెండూ, మహా అయితే అయిదారు గేదెలున్న చిన్న రైతుల ఇళ్లలో ఉన్నాయి.

అలాంటి ఇంట్లో పెయ్యదూడ అంటే భవిష్యత్తుకు దాచుకున్న డబ్బు. బాగా పెరిగితే మూడున్నర, నాలుగేళ్లకు అది తొలిచూలు ఈని పాడిలోకి వస్తుంది. అదే బయట కొనాలంటే? మంచి పాలిచ్చే ముర్రా గేదె లక్షరూపాయలకు అటూఇటూగా పలుకుతోంది. అంటే, దొడ్లో దూడ చనిపోయిందంటే కొన్నాళ్ల తర్వాత ఆ ఇంట్లో అప్పు పుట్టినట్టే.

నష్టం అక్కడితో ఆగదు. గేదెకు దూడమీద మమకారం ఎక్కువ. దూడ మూతి తగిలితేనే చాలా గేదెలు పాలు చేపుతాయి. దూడ పోతే కాలు దులిపేస్తాయి. ఒకప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టేవారు. తర్వాత ఇంజెక్షన్లు వచ్చాయి. పాలకోసం పశువుకు అలా సూదులు పొడవడాన్ని చట్టం ఒప్పుకోదు. ఇంత తతంగం ఎందుకు? దూడనే బతికించుకుంటే సరిపోతుంది కదా!

దున్నదూడ పుడితే మాత్రం చాలాచోట్ల దానికి పాలూ సరిగా దక్కవు, నీడా దక్కదు. 'ఎలాగూ పాలివ్వదు కదా' అన్న చిన్నచూపు. దాహం, వేడి మాత్రం దానికీ ఒకటే!

నల్లటి ఒళ్లు... చెమటే పట్టదు

మనకు వేడి చేస్తే చెమట పడుతుంది. అది ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. ఆవుకూ కొంతవరకూ ఆ సౌకర్యం ఉంది. మన ఒంగోలు జాతి ఆవులకు ఒంటికి అంటుకోకుండా వేలాడే తోలు, పెద్ద గంగడోలు, తెల్లని వెంట్రుకలు ఉంటాయి. అవన్నీ ఎండ దేశానికి తగ్గట్టు వచ్చిన ఏర్పాట్లే. పాపం గేదెకే ఆ అదృష్టం లేదు. దాని చర్మంలో చెమటగ్రంథులు ఆవుకంటే చాలా తక్కువ. పైగా నల్లటి రంగు. ఎండను పీల్చుకోవడమే తప్ప వదిలించుకోవడం తెలీదు. అందుకే గేదె నీళ్లు కనపడితే చాలు దిగిపోతుంది. బురద పూసుకుంటుంది. అది బద్ధకం కాదు, బతుకుతెరువు!

దూడకు ఆ దారీ ఉండదు. దూడలకు హాయిగా ఉండే వాతావరణం సుమారు 15 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ అంటారు పశువైద్య శాస్త్రవేత్తలు. ఇది ఎక్కువగా విదేశీ జాతులమీద చూసిన లెక్క. మన దేశవాళీ దూడలు ఇంకాస్త ఓర్చుకుంటాయి. కానీ 42, 44 డిగ్రీలంటే ఏ దూడకైనా భరించరానిదే. హోల్‌స్టీన్, జెర్సీ రక్తం కలిసిన సంకరజాతి దూడలైతే మరీ త్వరగా డీలాపడిపోతాయి.

వేడి పెరిగితే దూడ ఏం చేస్తుంది? వేగంగా ఊపిరి తీస్తుంది. నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పడానికీ శక్తి కావాలి. ఆ శక్తి తాగిన పాల నుంచే రావాలి. మరోపక్క ఆకలి మందగించి మేత తగ్గించేస్తుంది. వచ్చేది తక్కువ, ఖర్చు ఎక్కువ... ఇక ఒళ్లు చేసేదెలా? రోగాలను తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. అప్పుడే పారుడు పట్టుకుంటుంది. ఎండకు పోయిందనుకునే దూడల్లో చాలావాటిని నిజానికి తీసుకుపోయేది ఎండ, పారుడు రెండూ కలిసే.

గుంజ ఎక్కడ పాతాం?

ఖర్చులేని పని ఇదే. పొద్దున ఎనిమిదికి ఉన్న నీడ మధ్యాహ్నం రెండుకి అక్కడ ఉండదు. సూర్యుడు పడమటికి వాలేకొద్దీ నీడ తూర్పుకి జరుగుతుంది. కాబట్టి గుంజ పాతే ముందు ఒక్కరోజు గమనించాలి. పదింటికి, పన్నెండింటికి, మూడింటికి నీడ ఎక్కడుందో చూసి... వేసవిలో ఆ మూడు వేళలకీ నీడలోనే ఉండేచోటు ఎంచుకోవాలి. అలాంటి చోటు లేకపోతే రెండు గుంజలు పాతి, మధ్యాహ్నం దూడను మార్చి కట్టాలి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లో, సెలవుల్లో ఉన్న పిల్లలో చేయగలిగిన పనే.

అన్నిటికంటే మంచి నీడ చెట్టుదే. వేప, కానుగ, చింత, నిద్రగన్నేరు... ఏదైనా సరే. ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి చెట్టుకింద గాలి చల్లగా ఉంటుంది. రేకుల కింద ఆ సుఖం రాదు. ఒక కానుగ మొక్క ఇప్పుడు నాటితే కొన్నేళ్లకు నాలుగు దూడలకు గొడుగు పడుతుంది.

నాలుగు గుంజలు, నాలుగు తాటాకులు

చెట్టు లేనిచోట పందిరే దిక్కు. దానికి పెద్ద ఇంజినీరు అక్కర్లేదు. కొన్ని జాగ్రత్తలు చాలు.

పందిరి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అలాగైతే నడిఎండ వేళ కూడా నీడ కిందనే నిలుస్తుంది. ఎత్తు కనీసం ఏడెనిమిది అడుగులు ఉండాలి. మరీ కిందికి వేస్తే కప్పు వేడి దూడ వీపుమీదే పడుతుంది. నాలుగువైపులా గాలి ఆడాలి. పడమటి ఎండ నేరుగా కొట్టేచోట మాత్రం ఒక తడిక కట్టుకోవచ్చు. చిన్నదూడకు ఒక్కోదానికి కప్పుకింద సుమారు పది చదరపు అడుగులు, తిరగడానికి ఆరుబయట ఇరవై చదరపు అడుగుల చోటు ఉండాలన్నది లెక్క.

కప్పుకు తాటాకు, కొబ్బరిమట్టలు, రెల్లుగడ్డి, వరిగడ్డి... ఏది దొరికితే అది. వాటిమధ్య చిక్కుకున్న గాలి వేడిని కిందికి దిగనివ్వదు. ఆ గుణం ఇనపరేకులకు లేదు. ఒంటిపూట ఎండకే అవి పెనంలా కాలిపోతాయి. ఇప్పటికే రేకుల షెడ్డు ఉన్నవాళ్లు కంగారుపడక్కర్లేదు. రేకులమీద మందంగా వరిగడ్డో, కొబ్బరిమట్టలో పరిస్తే సరి. అదీ కుదరకపోతే పైన తెల్లగా సున్నం కొట్టండి. తెలుపు ఎండను వెనక్కి కొట్టేస్తుంది. సొర, గుమ్మడి, బీర తీగలు పాకించారంటే దూడకు నీడ, ఇంటికి కూర! నర్సరీలవాళ్లు వాడే పచ్చటి షేడ్‌నెట్ కూడా పనికొస్తుంది. దాన్ని రేకులకు ఆనించకుండా, కాస్త ఎడంగా కట్టాలి.

గడ్డికప్పుకి ఒకటే గండం... నిప్పు! వేసవిలో ఎండుగడ్డి అంటుకోవడానికి ఒక్క బీడీముక్క చాలు. కప్పుకింద వేలాడే కరెంటు తీగలు, అతుకులేసిన వైర్లు ఉండనివ్వకండి. పొయ్యి దరిదాపుల్లో పందిరి వద్దు.

తడిపితే మంచిదేనా?

తడిగోనెలు కడితే చల్లగా ఉంటుందని చాలామంది చేస్తుంటారు. అది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. తెలంగాణ, రాయలసీమల్లో వేసవిగాలి పొడిగా ఉంటుంది. తడిగోనె మీదుగా వచ్చిన గాలి నిజంగానే చల్లబడుతుంది. అదే కోస్తాలో, సముద్రానికి దగ్గరగా అయితే గాలిలోనే బోలెడు తేమ. అక్కడ మనల్ని చంపేది ఉక్కపోత. గోనెలు కట్టి గాలిని అడ్డుకుంటే దూడకు ఊపిరాడదు. అలాంటిచోట గాలి ధారాళంగా రావడమే ముఖ్యం. కరెంటు ఉంటే ఒక ఫ్యాను పెట్టినా మేలే.

దూడకు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం నీడలో ఒకసారి ఒళ్లు కడిగి గాలి తగిలేలా ఉంచితే హాయిగా ఉంటుంది. నేల మాత్రం బురద కాకూడదు. బురద, పేడ, మూత్రం కలిసినచోట ఈగలు ముసురుతాయి. ఘాటైన వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పారుడు తెచ్చే క్రిములూ అక్కడే పెరుగుతాయి. కింద ఇసుక పోస్తే తడి దిగిపోతుంది, పడుకుంటే పొట్టకు చల్లగానూ ఉంటుంది. పేడ ఎప్పటికప్పుడు తీసేసి, పైపొర ఇసుకను మారుస్తుండాలి. నెలల పసిదూడను మాత్రం పెద్ద గేదెలతోపాటు చెరువుకు తోలొద్దు. లోతు తెలీక మునిగిపోవచ్చు. జలగలు, క్రిముల బెడద సరేసరి.

అమెరికా దూడకు బుల్లి ఇల్లు

అమెరికాలో చాలా డెయిరీల్లో దూడలను పుట్టగానే ఆరుబయట విడివిడి గూళ్లలో పెడతారు. తెల్లటి ప్లాస్టిక్‌తోనో, ఫైబర్‌గ్లాస్‌తోనో చేసిన బుల్లి ఇళ్లవి. ఒక దూడ రోగం మరోదానికి అంటకుండా ఉంటుందని ఆ ఏర్పాటు. చలికాలంలో బాగానే ఉంటుంది. ఎండాకాలంలోనే చిక్కు. గాలి ఆడకపోతే గూడు లోపల బయటికంటే ఎక్కువ వేడెక్కుతుంది.

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయాలు చాలా తేలికైనవి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గూడు వెనక అంచుకింద ఒక సిమెంటు దిమ్మ పెట్టి కాస్త పైకెత్తి చూశారు. అంతే! వెనకనుంచి గాలి దూరి లోపలి వేడి తగ్గింది. పేరుకుపోయే బొగ్గుపులుసు వాయువూ తగ్గింది. దూడ రొప్పడం తగ్గింది. 2012లో ఈ ఫలితాలు ప్రచురించారు. మిస్సోరీలో గూళ్లపైన నీడగుడ్డ కట్టి పరీక్షించి, దూడలు స్థిమితపడ్డాయని 1996లోనే రాశారు. ఎండాకాలంలో గడ్డిపరుపు తీసేసి ఇసుక పోయడం కూడా అక్కడ చేసేదే.

చూశారా... పైన నీడ, కిందనుంచి గాలి, పడుకోవడానికి ఇసుక. దేశం ఏదైనా సూత్రం మాత్రం మన చలవపందిరిదే!

పాలున్నాయిగా... నీళ్లెందుకు?

'పాలు తాగే దూడకు వేరే నీళ్లెందుకు? నీళ్లు తాగితే పారుతుంది' అనే మాట చాలా ఊళ్లలో వినిపిస్తుంది. అది పొరపాటు. పసిదూడ పాలు తాగినప్పుడు అవి ఒక ప్రత్యేకమైన దారిలో నేరుగా నాలుగో పొట్టలోకి వెళ్తాయి. విడిగా తాగిన నీళ్లు మొదటి పెద్దపొట్టలోకి చేరతాయి. నెమరువేసే పొట్ట తయారవడానికి, దాణా అరగడానికి ఆ నీళ్లే ఆధారం. కాబట్టి పాలు నీళ్లకు బదులు కాదు. పుట్టిన కొద్దిరోజుల నుంచే దూడముందు శుభ్రమైన నీళ్లు ఉంచాలి. వేసవిలో అయితే రోజంతా ఉండాల్సిందే. నీళ్లబకెట్టు నీడలో ఉండాలి, కాళ్లు పెట్టి తొక్కకుండా కాస్త ఎత్తులో కట్టాలి. ఎండలో ఉన్న సిమెంటుతొట్టిలో నీళ్లు కాగిపోతే దూడ మూతి కూడా పెట్టదు.

పాలు తగ్గించడం కూడా సరికాదు. దూడ బరువులో పదోవంతు పాలు రోజుకు అందాలన్నది పశువైద్యులు చెప్పే లెక్క. 30 కిలోల దూడకు మూడు లీటర్లు. ఎండల్లో రెండుపూటలకు బదులు మూడుపూటలుగా ఇస్తే మంచిది. దాణా, పచ్చిగడ్డి తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక పెట్టాలి. అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి నడిమధ్యాహ్నం మేత పెట్టకపోవడమే మేలు. తినగా మిగిలిన తడిదాణా ఎండకు పులిసిపోతుంది. దాన్ని తీసి పారెయ్యాలి. కొమ్ములు మాడ్చడం, టీకాలు, ఆటోల్లో తరలించడం లాంటివి ఏమున్నా పొద్దెక్కకముందే పూర్తిచెయ్యాలి.

అన్నిటికీ ముందు మొదటి పని ముర్రుపాలు. పుట్టిన గంట, రెండు గంటల్లోపే దూడ తాగాలి. రోగాలనుంచి కాచే శక్తి తల్లినుంచి దూడకు వచ్చేది వాటిద్వారానే. ఆ శక్తిని దూడ పేగు ఒకరోజు మాత్రమే పీల్చుకోగలదు, అదీ గంటగంటకీ తగ్గిపోతుంది. మాయ పడేదాకా ఆగుదామనో, జున్ను వండుకుందామనో ఆలస్యం చేస్తే పోయేది దూడ కవచమే. జున్ను ఎవరికి ఇష్టం ఉండదు! కాకపోతే ముందు దూడ, తర్వాతే మన గిన్నె.

కడుపులో ఉన్నప్పటినుంచే...

మన గేదెలు ఎక్కువగా వానాకాలం, చలికాలాల్లో ఈనుతాయి. చూలు పది నెలల పైమాటే. అంటే చాలా గేదెలకు నిండుచూలు రోజులు సరిగ్గా మండువేసవిలోనే వస్తాయి. ఆ సమయంలో పాలు ఇవ్వవు కాబట్టి వట్టిపోయిన గేదె అని ఎండలో వదిలేస్తుంటారు.

ఫ్లోరిడా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు ఈ అలవాటును మార్చుకోమంటున్నాయి. ఈనే ముందు నెలన్నరపాటు కొన్ని ఆవుల్ని ఫ్యాన్లు, నీటితుంపరలతో చల్లగా ఉంచారు. కొన్నిటికి నీడ మాత్రమే ఇచ్చారు. వేడికి గురైన ఆవులకు తక్కువ బరువు దూడలు పుట్టాయి. ముర్రుపాలనుంచి రక్షణశక్తిని అవి సరిగా పీల్చుకోలేకపోయాయి. పెరిగి పెద్దయి తొలిసారి ఈనినప్పుడూ పాలు తక్కువే ఇచ్చాయి. 2020లో ప్రచురించిన అధ్యయనంలోనైతే ఆ ప్రభావం మనవరాళ్ల తరందాకా కనిపించింది. అవి హోల్‌స్టీన్ ఆవులు. కానీ చూలుగేదెకు నీడ ఇవ్వాలన్న ఇంగితానికి మాత్రం జాతి తేడా లేదు కదా!

వడదెబ్బ తగిలితే...

దూడ డొక్కల్ని గమనిస్తే చాలు, సగం సంగతి తెలుస్తుంది. నీడలో స్థిమితంగా పడుకున్న దూడ నిమిషానికి 30, 40 సార్లు ఊపిరి తీస్తుంది. 60 దాటిందంటే ఎండ బాధపెడుతున్నట్టు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తుంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టే. చెవులు వాలిపోవడం, కళ్లు లోతుకుపోవడం, పిలిచినా లేవకపోవడం కూడా గుర్తులే. మెడమీద తోలును రెండువేళ్లతో పట్టి వదిలితే వెంటనే మామూలు కావాలి. రెండు సెకన్లు దాటినా అలాగే నిలిచిందంటే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. దూడ మామూలు ఒంటివేడి 101 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. 104 దాటితే ఊరుకోకూడదు.

వెంటనే నీడలోకి మార్చండి. కాళ్లు, పొట్ట, మెడ, తల తడుపుతూ విసరండి. తాగగలిగితే కొద్దికొద్దిగా నీళ్లివ్వండి. మందులషాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడిని లీటరు నీటిలో కలిపి తాగించవచ్చు. పారుడు ఉన్నా సరే, పాలు మానిపించొద్దు. పాలొకసారి, ఓఆర్‌ఎస్ మరోసారి ఇవ్వాలి. స్పృహలో లేని దూడకు గొట్టంతో బలవంతంగా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణంమీదికొస్తుంది. ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుణ్ని పిలవాలి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు.

ఖర్చెంత?

పాతచీరో, గోనెపట్టాలో, పెరట్లో రాలిన కొబ్బరిమట్టలో... పందిరికి కావాల్సినవి చాలా ఇళ్లలో ఉన్నవే. నీళ్లకో బకెట్టు. నాలుగు తట్టల ఇసుక. మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూసే తీరిక. దూడల బాగోగులు చూసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే. వాళ్లకు ఇప్పటికే చేతినిండా పని. కాబట్టి ఈ మధ్యాహ్నపు డ్యూటీ ఇంట్లో మగవాళ్లో, సెలవులకు వచ్చిన పిల్లలో తీసుకుంటే సరిపోతుంది. లేగదూడ ఒళ్లు కడగమంటే ఏ పిల్లలు వద్దంటారు చెప్పండి!

మనం తాగే పాలు మొదట దూడవే. దాని వాటాలోంచి మనం తీసుకుంటున్నాం. బదులుగా అది అడిగేది కాస్త నీడ, బకెట్టెడు నీళ్లు. ఈ వేసవిలో వాకిట్లో పందిరి వేసేటప్పుడు ఓ నాలుగు తాటాకులు ఎక్కువ తెప్పించండి. దొడ్లోనూ పని ఉంది!